గోడ కట్టే వేళ

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



సుబ్బారావుగారిని మనం మందుల మనిషిగా గుర్తుంచుకున్నాం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. 1923లో హార్వర్డు వెళ్ళారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారి అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, కన్నుమూశారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, ఆ దారిలోనే దొరికిన క్యాన్సరు మందులు, బోదకాలు రాకుండా మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర, ఇవన్నీ ఆయన బృందం చలవే. ఈ సంగతులు నాకంటే బాగా చెప్పగల వైద్యులు ఈ సభలోనే ఉన్నారు. నేను చదువుకున్నది మొక్కల జీవరసాయనం. అందుకని ఆయన పనిలోంచి మొక్కల వైపు వచ్చే రెండు దారులు పట్టుకుని నా విషయంలోకి వెళతాను.

మొదటిది భాస్వరం. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. మాలిబ్డేటు కలిపితే నీలిరంగు తేలుతుంది. ఆ రంగు గాఢతే భాస్వరం లెక్క. జీవరసాయనం చదివిన ప్రతివాళ్ళూ ఆ నీలిరంగును పరీక్షనాళికలో చూసినవాళ్ళే. ఆ పద్ధతితోనే వాళ్ళిద్దరూ కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీని పట్టుకున్నారు. జీవకణంలో ఫాస్ఫేటు చేతులు మారుతుందని, ఆ మార్పిడి మీదే బతుకు నడుస్తుందని లోకానికి అర్థమవటం అక్కడ మొదలైంది.

రెండోది బెంజమిన్ డగ్గర్ అనే మనిషి. ఆయన మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త. మొక్కలకు శిలీంధ్రాల వల్ల వచ్చే తెగుళ్ళ మీద 1909లోనే పెద్ద పుస్తకం రాశారు. విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యాక, 70 దాటిన వయసులో, లెడర్లీలో సుబ్బారావుగారి దగ్గర చేరారు. మిస్సోరి విశ్వవిద్యాలయం వారి గడ్డిమడి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. అది లోకానికి తెలిసింది 1948లో, సుబ్బారావుగారు పోయిన సంవత్సరమే. ఆ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్‌ను స్ట్రెప్టోమైసిన్‌తో కలిపి మన రైతులు వరి ఎండాకు తెగులు మీద ఏళ్ళ తరబడి చల్లారు. మనుషుల ప్రాణం నిలపాల్సిన యాంటీబయాటిక్‌ను పొలంలో చల్లుతూ వచ్చాం. తట్టుకునే బ్యాక్టీరియాను మనమే పెంచుతూ వచ్చాం. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం. మొక్క తన రక్షణ తాను ఎలా చూసుకుంటుందో తెలిస్తే ఈ చల్లటం చాలావరకు తగ్గించవచ్చు. ఆ నమ్మకంతోనే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తెగులుకు లొంగిపోయే మొక్క దగ్గరా, తట్టుకునే మొక్క దగ్గరా ఉన్న సరంజామా దాదాపు ఒకటే. కణం చుట్టూ ఉన్న గోడను గట్టిపరిచే ఎంజైములు రెండింట్లోనూ ఉన్నాయి. అవి ఎన్ని గంటలకు పనిలోకి దిగుతాయి, సరిగ్గా ఏ చోట దిగుతాయి అన్నదాని మీదే గెలుపోటములు తేలుతున్నాయి.

1

ముందు గోడ సంగతి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి గదులు గదులుగా చూసింది కణకవచాలనే. అవి చచ్చిన కణాల గోడలు. అందువల్లనో ఏమో, కణకవచమంటే ప్రాణంలేని పెట్టె అన్న భావన మన పాఠ్యపుస్తకాల్లో ఈనాటికీ మిగిలిపోయింది.

బతికున్న కణంలో కవచం ఎప్పుడూ పని జరుగుతున్న చోటు. గ్లూకోజు గొలుసులతో నేసిన సెల్యులోజు పోగులు దానికి బలం. గోడకు లోపల అంటుకుని ఉండే పలచని పొర, అంటే కణత్వచంలో ఉండే ఎంజైము గుంపులు ఆ పోగుల్ని అక్కడికక్కడే నేసి బయటికి వదులుతాయి. పోగుల్ని పట్టి ఉంచటానికి హెమిసెల్యులోజు, మధ్యలో జిగురుగా పెక్టిన్, అక్కడక్కడా ప్రొటీన్లు. పెరుగుదల ఆగిన కణాల్లో వీటన్నిటినీ కప్పేస్తూ లిగ్నిన్ చేరుతుంది. కర్రకు కర్రతనం దానివల్లే.

పెరిగే కణానికి గట్టి గోడ పనికిరాదు. సాగాలంటే గోడ వదులుగా ఉండాలి. శత్రువును ఆపాలంటే బిగువుగా ఉండాలి. లేత ఆకు ఈ రెండింటి నడుమ నలుగుతూ ఉంటుంది. అగ్గితెగులు లేత ఆకుల మీదే ఎక్కువ ఎందుకుంటుందని రైతులు అడుగుతారు. జవాబులో పెద్ద భాగం ఇదే.

మరో మాట. మన ఒంట్లోకి క్రిమి చేరితే తెల్లరక్తకణాలు ఆ చోటికి కదిలిపోతాయి. మొక్కలో కదిలే కణాలు లేవు. ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకోవాలి. కాబట్టి గోడ ఎక్కడ ఎప్పుడు బిగించాలో ఆ ఒక్క కణమే నిర్ణయించుకోవాలి.

2

వచ్చేవాడు ఎలా వస్తాడో కూడా చూడాలి. అగ్గితెగులు శిలీంధ్రాన్నే తీసుకుందాం. దాని సిద్ధబీజం తడి ఆకు మీద వాలిన రెండు గంటల్లో మొలకెత్తుతుంది. మరికొన్ని గంటల్లో మొలక కొస గుమ్మటంలా ఉబ్బి ఆకుకు అతుక్కుంటుంది. ఆ గుమ్మటం గోడకు లోపల మెలనిన్ పూత. లోపల గ్లిసరాల్ పేరుకుంటుంది, నీరు లోపలికి లాగబడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి 8 మెగాపాస్కల్స్ దాకా వెళుతుందని కొలిచారు. విద్యార్థులు ఈ సంఖ్య రాసుకోండి. సముద్రంలో 800 మీటర్ల లోతున నీరు కలిగించే ఒత్తిడి అది. కంటికి కనిపించని ఒక కణంలో! ఆ బలంతో సన్నని మేకు ఒకటి ఆకు పైపొరను పొడిచి లోపలికి దిగుతుంది. సిద్ధబీజం వాలిన దగ్గర్నుంచి ఇదంతా ఒక రోజు పని. మన కంటికి మచ్చ కనపడేది నాలుగైదు రోజుల తర్వాత.

రైతులు చల్లే ట్రైసైక్లాజోల్ ఈ శిలీంధ్రాన్ని చంపదు. మెలనిన్ తయారుకానీయదు. పూత లేకపోతే ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. గోడ దాటనీయకపోతే చాలు, శత్రువును చంపనక్కర్లేదు అన్న సూత్రం మీద పనిచేసే మందు మన కొట్లలో దశాబ్దాలుగా అమ్ముడవుతోంది. దాని అవశేషాల మీద 2017లో యూరపు దేశాలు పెట్టిన కఠిన నిబంధన బాస్మతి ఎగుమతిదారులకు నిద్రలేకుండా చేసింది.

అందరూ పొడుచుకునే రారు. వేరుశనగ మొదలు కుళ్ళు తెచ్చే శిలీంధ్రం గోడను కరిగించుకుంటూ వస్తుంది. ఎండాకు తెగులు బ్యాక్టీరియా ఆకు అంచున నీరు ఊరే రంధ్రాల్లోంచో, గాయాల్లోంచో దూరి నేరుగా దారువు నాళాల్లోకి, అంటే నీళ్ళ గొట్టాల్లోకి చేరుతుంది. ఎండాకు తెగులు వచ్చే చోట నారు కొసలు తుంచి నాటవద్దనేది ఇందుకే. తుంచిన ప్రతి కొసా తెరిచిన తలుపు.

3

ఇప్పుడు మొక్క చేసే పని.

శత్రువు వచ్చినట్టు కణానికి తెలిసే దారులు రెండు. ఒకటి, శత్రువు ఒంటి మీది గుర్తులు. శిలీంధ్రపు కైటిన్ ముక్కలు, బ్యాక్టీరియా తోక ప్రొటీన్ వంటివి. వీటిని గుర్తుపట్టే గ్రాహకాలు కణత్వచం మీద ఉంటాయి. రెండోది, కోతపడిన తన గోడ ముక్కలు. శత్రువు ఎంజైములు పెక్టిన్‌ను కోసినప్పుడు 10 నుంచి 15 చక్కెరల పొడవున్న ముక్కలు మిగిలితే, వాటిని కణం ప్రమాద సంకేతంగా చదువుతుంది. మరీ చిన్న ముక్కలకు ఆ శక్తి ఉండదు. గోడ తెగితే తెగిన ముక్కే కబురు తెస్తుందన్నమాట.

కబురు అందగానే మొదట కదిలేది ఫాస్ఫేటు. సుబ్బారావుగారు కొలిచిన ఫాస్ఫేటే. కైనేజులనే ఎంజైములు ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసి పక్క ప్రొటీన్‌కు తగిలిస్తాయి, అది ఇంకోదానికి. ఈ వరుస కణత్వచంలో ఉన్న ఆర్బీఓహెచ్‌డీ అనే ఎంజైము దాకా వెళుతుందని, దానికి ఫాస్ఫేటు తగిలించేది బీఐకే1 అనే కైనేజని 2014లో ప్రయోగశాలల్లో నమూనాగా వాడే అరబిడోప్సిస్ మొక్కలో రెండు బృందాలు చూపించాయి. మేల్కొన్న ఆ ఎంజైము బయటి ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ తగిలించి సూపరాక్సైడును పుట్టిస్తుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుతుంది. పావుగంట లోపే ఈ పొంగు పతాకస్థాయికి చేరుతుంది. మొక్కల్లో ఈ పొంగును తొలిసారి చూపినది జపాను శాస్త్రవేత్త డోకే, 1983లో, బంగాళాదుంప కణజాలంలో.

హైడ్రోజన్ పెరాక్సైడు విషమే. కానీ పెరాక్సిడేజులకు అది ముడిసరుకు. ఈ కుటుంబానికి చెందిన జన్యువులు అరబిడోప్సిస్‌లో 73 ఉంటే వరిలో 138 ఉన్నాయి. ఇన్నెందుకని నన్ను విద్యార్థులు అడుగుతుంటారు. చోటుకో పెరాక్సిడేజు, వేళకో పెరాక్సిడేజు కావాలి గనుక. గోడలో అప్పటికే ఉన్న ప్రొటీన్లను ఒకదానికొకటి బంధించటం వాటి మొదటి పని. 1992లో బ్రాడ్లీ, ల్యాంబ్ బృందం చిక్కుడు, సోయా కణాలకు శిలీంధ్రపు గోడ ముక్కలను చూపించి గమనించారు. నిమిషాల్లోనే కొన్ని గోడ ప్రొటీన్లు కరగకుండా బిగుసుకుపోయాయి. కొత్త జన్యువు పనిలోకి రావాలంటే పట్టే సమయం కంటే ముందే, ఉన్న సరుకుతోనే గోడ బిగిసింది. అలా బిగిసిన గోడలు శిలీంధ్రపు ఎంజైములకు అంత తేలిగ్గా అరగవని ఆ తర్వాత తేలింది.

ఆ తర్వాత గంటల్లో రెండో విడత. పీఏఎల్ అనే ఎంజైమును 1961లో కూకోల్, కాన్ అనేవాళ్ళు బార్లీలో కనుగొన్నారు. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అమ్మోనియాను తీసేసి సిన్నమిక్ ఆమ్లాన్ని ఇవ్వటం దాని పని. ప్రొటీన్లు కట్టుకోవాల్సిన సరుకును ఫినాళ్ళ వైపు మళ్ళించే మలుపు అదే. అక్కడినుంచి వరసగా ఎంజైములు చేతులు మార్చగా లిగ్నిన్ తయారీకి కావలసిన ఆల్కహాళ్ళు వస్తాయి. పెరాక్సిడేజులు, లాకేజులు వాటిని రాడికల్స్‌గా మార్చి గోడలో అల్లుతాయి. లిగ్నిన్‌ను నమిలి జీర్ణం చేసుకోగల సూక్ష్మజీవులు చాలా తక్కువ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. గృహిణులందరికీ తెలిసిన ప్రయోగం ఒకటుంది. వంకాయ కోసి ఊరికే వదిలేస్తే నల్లబడుతుంది, నీళ్ళలో వేస్తాం. కణంలో ఫినాళ్ళు ఒక అరలో, వాటిని ఆక్సీకరించే పాలీఫినాల్ ఆక్సిడేజు వేరే అరలో ఉంటాయి. కత్తి పడి అరలు చిట్లాక రెండూ కలుస్తాయి, గాలి తగిలి రంగు మారుతుంది. కోయకముందూ ఆ ఎంజైము అక్కడే ఉంది, ఫినాలూ అక్కడే ఉంది. అవి కలుసుకునే చోటూ, క్షణమూ మాత్రం కొత్తవి.

4

బార్లీ బూడిద తెగులు మీద జరిగినంత పని మరే ఆకు తెగులు మీదా జరగలేదేమో. సిద్ధబీజం పడ్డ పన్నెండు, పదిహేను గంటలకు అది పైపొర కణంలోకి దూరటానికి ప్రయత్నిస్తుంది. సరిగ్గా ఆ చోట, గోడకు లోపలి వైపు, కణం ఒక చిన్న బుడిపెను కడుతుంది. కాలోజ్ అనే చక్కెర పదార్థం, ఫినాళ్ళు, ప్రొటీన్లు, హైడ్రోజన్ పెరాక్సైడు కలిసిన గడ్డ అది. కణం లోపలి పోగులు ఆ వైపు తిరుగుతాయి, సంచులు ఆ వైపే ప్రయాణిస్తాయి. గోదావరికి వరదొచ్చినప్పుడు గట్టు ఊట పట్టిన చోటే ఇసుక బస్తాలు వేస్తారు గానీ గట్టు పొడవునా వెయ్యరు. ఊట కనపడగానే పడ్డ పది బస్తాలు గండిని ఆపుతాయి. గండి పడ్డాక వెయ్యి బస్తాలూ కొట్టుకుపోతాయి.

బుడిపె వేళకు పడాలన్న ఈ మాటకు నిదర్శనం అనుకోని చోట దొరికింది. కాలోజును కట్టే ఎంజైము పీఎంఆర్4. అది లేని అరబిడోప్సిస్ మొక్కల్ని 2003లో రెండు బృందాలు పరీక్షించాయి. కాలోజు లేకపోతే మొక్క ఇంకా త్వరగా లొంగాలి. జరిగింది తలకిందులు. బూడిద తెగులు ఆ మొక్కల్ని పట్టలేకపోయింది. కాలోజు లోపించటంతో మొక్కలో రక్షణకు పిలుపిచ్చే సాలిసిలిక్ ఆమ్లపు దారి మితిమీరి పనిచేసిందని తేలింది. కాలోజుకు రక్షణలో పాత్రే లేదని కొందరు తేల్చేశారు. పదేళ్ళ తర్వాత, 2013లో, జర్మనీలో ఎలింగర్, ఫోయిగ్ట్ బృందం అదే ఎంజైమును మొక్కలో ఎక్కువగా తయారయ్యేట్టు చేసి చూశారు. దాడి మొదలైన తొలి గంటల్లోనే బుడిపెల్లో కాలోజు నిండింది. ఒక్క శిలీంధ్రపు పోగు కూడా లోపలికి దూరలేదు. ఆ బుడిపె మామూలు మొక్కలోనూ పడుతుంది. ఆలస్యంగా పడుతుంది, అంతే.

బార్లీలోనే ఎంఎల్ఓ అనే జన్యువు ఉంది. అది చెడిపోతే బుడిపెలు ఎంత సమర్థంగా పడతాయంటే, బూడిద తెగులు జాతులన్నీ ఆగిపోతాయి. 1942లో జర్మనీలో ఎక్స్ కిరణాలతో మొదట ఆ ఉత్పరివర్తనను తెచ్చారు. ఇథియోపియా రైతుల పాత బార్లీ రకాల్లో అది సహజంగానే ఉందని తర్వాత తెలిసింది. 1970ల చివర నుంచి యూరపు పొలాల్లో ఉన్న ఈ నిరోధకత ఇన్ని దశాబ్దాలూ నిలిచింది. ఒక్కొక్క శత్రువును గుర్తుపట్టే నిరోధక జన్యువుల్లో చాలావాటిని బూడిద తెగులు కొన్నేళ్ళకే దాటేసింది. దీన్ని మాత్రం దాటలేకపోయింది. గోడ దగ్గరే ఆపే పద్ధతి ఎందుకు ఎక్కువకాలం మన్నుతుందో మనవాళ్ళు ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

5

ఇక వరి. మనది.

ఎండాకు తెగులు బ్యాక్టీరియా దారువు నాళాల్లో ఈదుతూ ఆకు అంచు వెంట కిందికి దిగుతుంది. నాళాల కణాలు చచ్చినవి, అవి స్పందించలేవు. పక్కన బతికున్న మృదుకణాలు వాటిని కనిపెట్టుకుని ఉంటాయి. నాళానికీ ఈ కణాలకూ మధ్య గోడ పలచగా ఉండే గుంటలుంటాయి, అక్కడే బ్యాక్టీరియాకూ బతికున్న కణానికీ ఎదురుపడటం. అమెరికాలో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జాన్ లీచ్ బృందం 1990లలో ఈ గుంటల్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో గంటల లెక్కన చూసింది. తట్టుకునే వరి ఆకులో ఒక ధనావేశపు పెరాక్సిడేజు మృదుకణాల్లో తయారై, నాళపు గోడకూ నాళంలోకీ చేరింది. రెండు రోజుల్లోపే నాళపు గోడ లోపలివైపు మందమెక్కింది. గుంటల నోళ్ళు సన్నబడ్డాయి. లొంగిపోయే ఆకులో ఆ పెరాక్సిడేజు పెరగటం ఆలస్యమైంది, అప్పటికే బ్యాక్టీరియా సంఖ్య మించిపోయింది. ఎంజైము రెండు ఆకుల్లోనూ ఉందని మరోసారి చెబుతున్నాను.

ఎందుకు ఆలస్యమైంది? ఈ ప్రశ్నకు మంచి జవాబు హైదరాబాదులోనే దొరికింది. సీసీఎంబీ పరిశోధన సంస్థలో రమేశ్ సోంటి, ఆయన సహచరులు ఈ బ్యాక్టీరియా వదిలే గోడ కోత ఎంజైముల్ని విడదీసి చూశారు. సెల్యులోజును కోసేది, గోడలోని ఎస్టరు బంధాల్ని తెంచే లిప్ఏ వంటివి. లిప్ఏను శుద్ధి చేసి, బ్యాక్టీరియా లేకుండా, వరి ఆకులోకి ఎక్కిస్తే ఆకు మేల్కొంది. కాలోజు పడింది. అలా మేల్కొన్న ఆకు మీద తర్వాత బ్యాక్టీరియాను వదిలితే తెగులు నిలవలేదు. అంటే గోడను కోయటమే బ్యాక్టీరియాకు ప్రమాదం. కోయకపోతే తిండి లేదు, కోస్తే కబురు వెళుతుంది. మరి ఎలా బతుకుతోంది? సూది వంటి పరికరంతో తన ప్రొటీన్లు కొన్నిటిని నేరుగా వరి కణంలోకి ఎక్కించి ఆ కబురును నొక్కేస్తుంది. 2007లో వచ్చిన ఈ ఫలితాన్ని నేను ఎప్పుడు పాఠం చెప్పినా తరగతి నిశ్శబ్దమైపోతుంది. తెగులు అంతా కాలం కోసం జరిగే పెనుగులాట అని అంత స్పష్టంగా చూపించిన ప్రయోగాలు తక్కువ.

మన సాంబమసూరికి వస్తాను. బీపీటీ 5204, బాపట్ల బిడ్డ, 1986లో విడుదలైంది. అన్నం రుచిలో దానికి సాటి లేదని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఎండాకు తెగులుకు మాత్రం ఇట్టే లొంగుతుంది. సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన సంచాలనాలయం కలిసి దానిలోకి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువుల్ని డీఎన్ఏ గుర్తుల సాయంతో సంకరం చేసి తెచ్చారు. ఇంప్రూవ్డ్ సాంబమసూరి 2008లో రైతులకు అందింది. ఈ మూడింటిలో ఎక్స్ఏ21 శత్రువును గుర్తుపట్టే గ్రాహకం. తక్కిన రెండూ బ్యాక్టీరియా వాడుకునే మొక్క జన్యువుల్ని దానికి అందకుండా చేస్తాయి. గోడను నేరుగా గట్టిచేసేది వీటిలో లేదు.

ఆ పని చేసే జన్యువు వేరే ఉంది, ఎక్స్ఏ4. తమిళనాడు రకం టీకేఎం 6 నుంచి అది అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రకాల్లోకి వెళ్ళింది, 1970ల నుంచి ఆసియా అంతటా పాకింది. అది ఎలా పనిచేస్తుందో నాలుగు దశాబ్దాలపాటు తెలియలేదు. 2017లో చైనాలోని వూహాన్‌లో షిపింగ్ వాంగ్ బృందం చెప్పింది. ఎక్స్ఏ4 అంటే కణకవచాన్ని ఆనుకుని ఉండే ఒక కైనేజు. మళ్ళీ ఫాస్ఫేటు పనే. అది సెల్యులోజు తయారీని పెంచుతుంది, గోడను వదులుచేసే ప్రొటీన్లను తగ్గిస్తుంది. ఫలితంగా బ్యాక్టీరియాకు గోడ గట్టిపడటమే కాదు, మొక్క ఎత్తు కాస్త తగ్గి కాడ బలపడుతుంది, దిగుబడి మాత్రం తగ్గదు. అక్టోబరు తుపానుకు సార్వా చేను పడిపోయి కంకులు నీళ్ళలో మొలకెత్తటం ఈ సభలో చూడని రైతు లేడు. తెగులుకు నిలిచే గోడ, గాలికి నిలిచే కాడ ఒకే జన్యువులో దొరికాయి. మన దేశపు బ్యాక్టీరియా జాతుల మీద ఎక్స్ఏ4 ఒంటరిగా చాలాచోట్ల నిలవలేదన్నది నిజం. మిగతా జన్యువులకు తోడుగా పెడితే దాని విలువ వేరు. నిరోధకతకు చాలదని పక్కనపెట్టిన జన్యువును కాడ బలం కోసమైనా మళ్ళీ లెక్కలోకి తీసుకోవాలని నా మనవి.

6

ఇంత గట్టి గోడ ఎప్పుడూ ఎందుకు ఉంచుకోదు మొక్క? ఖర్చు. లిగ్నిన్‌కు వెళ్ళిన కర్బనం గింజకు రాదు. బుడిపెలు ఎప్పుడూ వేసుకునే, ఎంఎల్ఓ చెడిన బార్లీ ఆకుల మీద వాటంతటవే చచ్చిన కణాల చుక్కలు కనిపిస్తాయి, అగ్గితెగులు శిలీంధ్రానికి ఆ మొక్కలు ఇంకా ఎక్కువ లొంగుతాయి. ఒక శత్రువుకు వేసిన తాళం మరో శత్రువుకు తలుపు తీసింది.

లిగ్నిన్ ఎంత ఎక్కువుంటే అంత మేలు అనే లెక్క కూడా నిలవదు. పశువులకు బాగా అరిగే మేత కోసం లిగ్నిన్ తగ్గించిన గోధుమ ఈనె జొన్నలున్నాయి. లిగ్నిన్ దారిలో ఒక ఎంజైము దెబ్బతినటం వల్ల ఆకు మధ్య ఈనె గోధుమరంగుకు తిరుగుతుంది. ఇవి ఫ్యుజేరియం శిలీంధ్రానికి తేలిగ్గా లొంగాలి కదా. అమెరికాలో నెబ్రాస్కాలో ఫనెల్, పెడర్సన్ 2006లో చూస్తే కొన్ని రకాల్లో మామూలు జొన్నల కంటే తక్కువ శిలీంధ్రం చేరింది. దారి మధ్యలో ఆగిన ఫినాళ్ళు వాటి పని అవి చేసి ఉండాలి. గోడలో లిగ్నిన్ మొత్తాన్ని తూచి రకం మంచిచెడ్డలు చెప్పటం ఎంత తప్పుదారో ఈ జొన్నలు చూపిస్తున్నాయి.

యూరియా సంగతి రైతులకు నేను చెప్పనక్కర్లేదు. ఎక్కువ వేసిన మడిలో ఆకు ముదురాకుపచ్చగా, మెత్తగా, ఏపుగా వస్తుంది, అగ్గితెగులు అక్కడే ముందు పడుతుంది. నత్రజని మొక్కను పెరుగుదల వైపు నెడుతుంది, గోడ వెనకబడుతుంది. వరిగడ్డిలో పదిశాతం దాకా ఉండే సిలికాది దీనికి ఎదురుదారి. ఆకు పైపొరలో అది పలకలా చేరుతుంది. సిలికా అందిన మొక్కలో తెగులు వచ్చినప్పుడు పెరాక్సిడేజు, పీఏఎల్ ముందుగా లేస్తాయని కూడా చూశారు. గడ్డి తగలబెట్టకుండా మడిలోనే కలపటానికి ఇది ఇంకో కారణం.

7

చివరగా, చెయ్యగల పని.

మొక్కను ముందే కాస్త అప్రమత్తం చేసి ఉంచవచ్చు. విత్తనానికి సూడోమోనాస్ అనే మేలుచేసే బ్యాక్టీరియాను పట్టిస్తే అది వేళ్ళ దగ్గర స్థిరపడుతుంది. మొక్క ఆ వేళ గోడ కట్టదు, ఖర్చు పెట్టదు. కానీ తర్వాత ఆకు మీద శత్రువు పడినప్పుడు మిగతా మొక్కల కంటే వేగంగా లేస్తుంది. 1991 నుంచి ఈ ప్రభావాన్ని ఎన్నో పంటల్లో చూపించారు. మన వ్యవసాయ కేంద్రాల్లో సూడోమోనాస్ పొట్లాలు దొరుకుతున్నాయి. వాటిని ఎలుకల మందులా గూటిలో పడేసి నెలల తర్వాత వాడితే లాభం లేదు. లోపల ఉన్నది బతికున్న బ్యాక్టీరియా. ఎండ తగలని చల్లని చోట ఉంచి, గడువు తేదీ లోపల వాడాలి.

పరిశోధన కేంద్రాల వారికి నా విన్నపం ఇది. మన దగ్గర కొత్త రకాల్ని తెగులు మళ్ళలో పెట్టి, రెండు మూడు వారాల తర్వాత మచ్చలు చూసి 0 నుంచి 9 దాకా మార్కులు వేస్తాం. మంచి పద్ధతే. అది ఫలితం చెబుతుంది. ఆ రకం గడియారం ఎలా నడిచిందో చెప్పదు. తొలి రెండు రోజులు చూసే పద్ధతి పక్కన తోడుంటే, ఏ రకం ఎప్పుడు లేచిందో, ఏ రెండు రకాల్ని కలిపితే ముందు లేచే పిల్ల వస్తుందో తెలుస్తుంది.

దానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. ఈ కళాశాల ప్రయోగశాలలో ఉన్న మామూలు సూక్ష్మదర్శిని చాలు. సాంబమసూరి, ఇంప్రూవ్డ్ సాంబమసూరి రెండూ కుండీల్లో పెంచండి. తెగులు పెట్టిన 6, 12, 24, 48 గంటలకు ఆకులు కోయండి. డయామినోబెంజిడిన్‌లో నానబెడితే హైడ్రోజన్ పెరాక్సైడు ఉన్న చోట, పెరాక్సిడేజు పని వల్ల, గోధుమరంగు తేలుతుంది. ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే లిగ్నిన్ ఎర్రబడుతుంది. రెండు రసాయనాల్నీ చేతి తొడుగులతోనే ముట్టుకోండి, మొదటిది ఒంటికి మంచిది కాదు. ఏ గంటకు ఏ రంగు ఎక్కడ మొదలైందో పుస్తకంలో రాసి, పక్కన ఆకు బొమ్మ గీయండి. ఈ సార్వాకు ఒక తరగతి మొదలుపెడితే వచ్చే దాళ్వాకు మరో రెండు రకాలు చేర్చవచ్చు. కావలసిన బ్యాక్టీరియాను తెగుళ్ళ శాస్త్రవేత్తల పర్యవేక్షణలోనే వాడాలి, కుండీలు పొలాలకు దూరంగా ఉండాలి. మొదలుపెట్టేవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి, పని పట్టిక కూర్చుని రాసుకుందాం.